ఒక టూరిస్ట్ స్పాట్ ఎంతమందిని మోయగలదు? క్యారీయింగ్ కెపాసిటీ ప్రాజెక్ట్ ఎలా చేయాలి

చలికాలం మొదలైందంటే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు. "అన్నా, ఎంబీఏ టూరిజం ఫైనలియర్, సస్టైనబుల్ టూరిజం మీద ప్రాజెక్ట్ అంట, టాపిక్ చెప్పండి, పనిలో పనిగా క్వశ్చనీర్ ఉంటే పంపండి." జాగ్రఫీ ఎమ్మెస్సీ వాళ్ళూ ఇదే అడుగుతారు, పీహెచ్‌డీలో చేరి ఏడాదైనా టైటిల్ తేలనివాళ్ళూ ఇదే అడుగుతారు. ఒక్కొక్కళ్ళకీ టైప్ చేసే ఓపిక అయిపోయింది, అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా. క్వశ్చనీర్ మాత్రం పంపను, ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

నేను చెప్పే టాపిక్ ఒక్కటే. ఏదో ఒక్క చోటు పట్టుకుని అది ఒక రోజుకి ఎంతమంది జనాన్ని మోయగలదో లెక్కకట్టండి, క్యారీయింగ్ కెపాసిటీ అంటే అదే. ముగ్గురు ఫ్రెండ్సు, ఒక టేపు, నాలుగు వీకెండ్లు, రెండు మామూలు రోజులు ఉంటే అయిపోయే పని, ఏ ఆఫీసు చుట్టూ డేటా కోసం తిరగక్కర్లేదు, వైవాలో ఏమడిగినా మీ కళ్ళతో చూసిందే చెప్తారు. "ఆంధ్రప్రదేశ్‌లో సుస్థిర పర్యాటకాభివృద్ధి: సమస్యలు, అవకాశాలు" అని టైటిల్ పెట్టుకుంటే వంద పేజీలు నిండుతాయి గానీ అందులో మీరు కనిపెట్టింది ఒక్క లైను కూడా ఉండదు.

ఉదాహరణకి పాడేరు దగ్గర వంజంగి కొండ అనుకుందాం. చీకట్లో కొండెక్కడం, సూర్యుడు వచ్చేసరికి లోయంతా పాలపొంగులా పరుచుకున్న మబ్బుల్ని చూడటం, దిగొచ్చేయడం. మధ్యమధ్యలో బొర్రా గుహల మాట కూడా వస్తుంది, ఎందుకంటే అది వేరే రకం చోటు: గేటుంది, టికెట్టుంది, టైమింగ్స్ ఉన్నాయి, లోపల నడవడానికి కట్టిన దారి ఉంది. మీది తెలంగాణ అయితే లక్నవరం వేలాడే వంతెన బాగుంటుంది, లెక్క ఇంకా సులువు.

కావాల్సినవి

30 మీటర్ల టేపు. రాతపలక, గళ్ళ కాగితాలు, పెన్సిళ్ళు (మంచులో బాల్‌పెన్ను మొరాయిస్తుంది). టార్చిలైట్లు. నొక్కితే అంకె పెరిగే చేతి కౌంటర్లు రెండు, దొరక్కపోతే నాలుగు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టే పాత పద్ధతే, ఏమీ తక్కువ కాదు. ఎక్సెల్ వచ్చినవాళ్ళు ఒకరు. స్వెటర్లు. కనీసం ముగ్గురు మనుషులు, ఒక్కళ్ళే అస్సలు వెళ్ళకండి, లెక్క కుదరదు, చీకట్లో కొండ దగ్గర సేఫ్టీ కూడా కాదు.

1. చోటుకి హద్దు గీయండి

"అరకు లోయ" అనేది చోటు కాదు, అదొక మండలమంత ఏరియా. మీకు కావాల్సింది పైన జనం నిలబడి చూసే ఆ రాతి గట్టు, దానికి వెళ్ళే కాలిబాట, కింద పార్కింగు, అంతే. కాగితం మీద చేత్తో మ్యాప్ వేసుకోండి. ఎక్కడ నిలబడి లెక్కపెడితే ఒక్కళ్ళు కూడా తప్పించుకోలేరో ఆ ఇరుకు చోటు వెతికి మార్క్ చేసుకోండి. ఒకటికి మించి దార్లుంటే అన్నిచోట్లా మనిషి కావాలి, లేదంటే వేరే స్పాట్ చూసుకోవడం మంచిది. ఈ ఒక్క విషయం చూసుకోకుండా వెళ్ళి రెండు వీకెండ్లు వృథా చేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

2. చదవాల్సింది కొంచెమే చదవండి

నాలుగు పేర్లు తెలిస్తే చాలు. 1975లో డాక్సీ చెప్పిన చికాకు సూచిక, అంటే ఊరివాళ్ళు మొదట టూరిస్టుల్ని చూసి సంబరపడి, తర్వాత పట్టించుకోకుండా ఉండి, తర్వాత విసుక్కుని, చివరికి ఎదురుతిరిగే దాకా వెళ్ళే నాలుగు మెట్లు. 1980లో బట్లర్ చెప్పిన టూరిస్ట్ ఏరియా జీవితచక్రం, అంటే ఒక చోటు జనం కంటపడటం, పెరగడం, నిండిపోవడం, ఆ తర్వాత పడిపోవడమో మళ్ళీ లేవడమో. 1985లో అమెరికా ఫారెస్ట్ సర్వీసు వాళ్ళు తెచ్చిన "లిమిట్స్ ఆఫ్ యాక్సెప్టబుల్ చేంజ్" పద్ధతి, అది "ఎంతమంది" అనే ప్రశ్నే పక్కనపెట్టి "ఎంత మార్పుని ఒప్పుకుందాం" అని అడుగుతుంది. చివరిది 1992లో సిఫ్యుయెంటెస్ ఇచ్చిన లెక్క, మనం వాడబోయేది అదే. థీసిస్‌లకి శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) వెతకండి. వెతికేటప్పుడు ఒక చిట్కా: పాడేరు, అరకు, బొర్రా 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లానే, ఆ తర్వాతే అల్లూరి సీతారామరాజు జిల్లా, కాబట్టి రెండు పేర్లతోనూ వెతక్కపోతే సగం పేపర్లు దొరకవు.

కాపీ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. బొర్రా గుహల గురించి ఎక్కడ చూసినా "1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి కనుక్కున్నాడు" అని ఉంటుంది. జియలాజికల్ సర్వే మొదలైందే 1851లో! ఉన్న ప్రాజెక్టులన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. మీ రిపోర్టులో ఈ లైన్ కనపడితే మీరు చదవలేదని ఎగ్జామినర్‌కి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఇంకొకటి, రాష్ట్రం మొత్తం టూరిస్టుల అంకె తెచ్చి మీ కొండకి తగిలించొద్దు. కేంద్ర టూరిజం శాఖ లెక్కల్లో ఉండేవి "విజిట్లు", మనుషులు కాదు, ఒకే మనిషి మూడుసార్లు వెళ్తే మూడు. పైగా మన రాష్ట్రం అంకెలో తిరుమల లాంటి పుణ్యక్షేత్రాలకి వెళ్ళే జనమే బోలెడు, దానికీ వంజంగికీ సంబంధం ఏముంది?

3. ఊళ్ళో చెప్పి మొదలుపెట్టండి

పాడేరు వైపు రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికొచ్చే గిరిజన ఏరియా, గ్రామసభకి చట్టప్రకారమే విలువున్న చోటు. కాలేజీ లెటర్ జేబులో పెట్టుకుని సర్పంచ్‌నీ, ఊరి పెద్దల్నీ కలిసి ఎందుకొచ్చారో చెప్పండి. ఫారెస్ట్ వాళ్ళ పరిధిలో ఉంటే వాళ్ళకీ ఒక లెటరు. లెక్కపెట్టడానికి చీకట్లో రోడ్డు పక్కన టార్చిలేసుకుని కూర్చున్న ముగ్గురు కుర్రాళ్ళని చూస్తే ఎవరికైనా అనుమానమొస్తుంది, తప్పు వాళ్ళది కాదు. సంత ఏ రోజో కూడా అప్పుడే కనుక్కోండి, ఆ రోజు ఊళ్ళో ఎవరూ దొరకరు.

4. తలలు లెక్కపెట్టండి

అసలు పనంతా ఇదే. మిగతావన్నీ దీనిమీద కట్టే గోడలు.

నేను మొదటిసారి ఇలాంటి కొండ దగ్గరికి వెళ్ళినప్పుడు మేం నలుగురం తీరిగ్గా టిఫిన్ చేసి తొమ్మిదింటికి చేరాం. పార్కింగ్ సగం ఖాళీ. పైన పదిమంది కూడా లేరు, గడ్డి మాత్రం చాపలా నేలకి అంటుకుపోయి ఉంది, రాళ్ళ సందుల్లో నూడిల్స్ కప్పులు, వాటిలో ఇంకా చల్లారని నీళ్ళు. టీ అమ్మే ఆవిడ మమ్మల్ని చూసి నవ్వి "ఇప్పుడొచ్చారేంటి బాబూ, జనం అంతా దిగిపోయారు కదా" అంది. మేము ఆ రోజు సాయంత్రం దాకా కూర్చుని రాసిన షీట్ ఇప్పటికీ ఉంది, అందులో అన్నీ సున్నాలూ ఒకట్లే. కాబట్టి మొదటి రోజు లెక్క పెట్టకండి, ఊరికే టీకొట్టు దగ్గర కూర్చుని జనం ఎప్పుడొస్తున్నారో చూడండి, లేదా ఆ టీ ఆవిడనే అడగండి, ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

షీట్ ఇలా గీయండి: 15 నిమిషాలకొక అడ్డవరస. నిలువు వరసల్లో టైము, పైకి వెళ్ళినవాళ్ళు, కిందికి వచ్చినవాళ్ళు, ఇప్పుడు లోపల ఉన్నవాళ్ళు, బైకులు, కార్లు, పెద్ద బండ్లు, చివర్లో ఖాళీ గడి. ఆ ఖాళీ గడిలో "వాన", "రెండు కాలేజీ బస్సులు ఒకేసారి", "మంచు విడిచిపోయింది" లాంటివి రాయండి, తర్వాత అంకె ఎందుకు ఎగిరిందో చెప్పేది అదే. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఆఖరి మనిషి దిగేదాకా ఉండాలి. కనీసం రెండు ఆదివారాలు, రెండు మామూలు రోజులు, వీలైతే ఒక పండగ సెలవు. అన్నీ ఆదివారాలే చేసి దాన్నే "సగటు" అని రాయొద్దు.

చంటిపిల్లల్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా ముందే అనుకోండి. టీ అమ్మేవాళ్ళు, ఊరివాళ్ళు, డ్రైవర్లు కూడా అంతే. ఏది అనుకున్నా పర్లేదు, మధ్యలో మార్చకూడదు.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి మూడు దార్లు. ఒకటి, రోజు చివర పైకెళ్ళినవాళ్ళ మొత్తం, దిగినవాళ్ళ మొత్తం దాదాపు ఒకటే ఉండాలి, 400 మంది ఎక్కి 340 మంది దిగారంటే 60 మందీ కొండమీద కాపరం పెట్టలేదు కదా, మీరు ఎక్కడో టీ తాగుతున్నారు. రెండు, ఒక గంటపాటు ఇద్దరు ఒకరి షీట్ ఒకరు చూడకుండా లెక్కపెట్టి పోల్చుకోండి, నూటికి ఐదుకి మించి తేడా ఉంటే ఇద్దరూ మళ్ళీ కూర్చుని రూల్స్ మాట్లాడుకోండి. మూడు, బండ్ల సంఖ్యని సగటున బండికి ఎంతమందో దానితో గుణించి చూడండి.

ఇదే షీట్ నుంచి ఒక్కో మనిషి ఎంతసేపు ఉన్నాడో కూడా తీయొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. "లోపల ఉన్నవాళ్ళు" వరస మొత్తం కూడండి, 15తో గుణించండి, ఆ రోజు వచ్చినవాళ్ళ మొత్తంతో భాగించండి, సగటు నిమిషాలు వచ్చేస్తాయి. టూరిస్టుని అడిగితే "ఒక అరగంట" అంటాడు, షీట్ చూస్తే గంటన్నర ఉంటుంది.

5. టేపుతో కొలవండి

జనం నిజంగా నిలబడే జాగా మాత్రమే కొలవాలి. ముళ్ళపొద, వాలు, అంచు తీసేయండి. అంచు నుంచి కనీసం రెండు మీటర్లు వదలండి (సెల్ఫీ తీసుకునేవాళ్ళు వదలరు, మీ లెక్కలో మీరు వదలండి). కాలిబాట పొడవు, అందులో మట్టి కొట్టుకుపోయి వేర్లు బయటపడ్డ ముక్కల పొడవు విడిగా కొలిచి ఫొటో తీసి పెట్టుకోండి. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ చూసి వైశాల్యం తీసేవాళ్ళున్నారు, చెట్ల కింద ఏముందో దానికేం తెలుసు.

గుహ అయితే చదరపు మీటర్లు కాదు, దారి పొడవు చూడాలి, గుంపుకీ గుంపుకీ మధ్య ఎంత దూరం వదలాలో చూడాలి. అక్కడ జాగా ఒక్కటే సమస్య కాదు, జనం ఊపిరితో లోపల వేడీ, కార్బన్ డయాక్సైడూ పెరుగుతాయి, లైట్లు పెట్టినచోట రాతిమీద పచ్చగా నాచు పడుతుంది. ఫ్రాన్స్‌లో లాస్కో గుహని 1963లో జనానికి మూసేసింది ఇలాంటి కారణాలతోనే.

6. ఇప్పుడు లెక్క

మూడు మెట్లు. కింది అంకెలు పద్ధతి చూపించడానికి నేను వేసుకున్నవే, ఏ కొండవీ కావు, దయచేసి వీటినే మీ రిపోర్టులో దించకండి.

మొదటి మెట్టు, భౌతిక సామర్థ్యం: నిలబడే జాగా 600 చదరపు మీటర్లు, మనిషికి 2 చదరపు మీటర్లు అనుకుంటే ఒకేసారి 300 మంది. స్పాట్ 6 గంటలు తెరిచి ఉంటుంది, సగటున ఒకరు గంటన్నర ఉంటారు, 6ని 1.5తో భాగిస్తే 4 విడతలు. 300 × 4 = 1,200.

రెండో మెట్టు, నిజ సామర్థ్యం: ఇబ్బందుల్ని బట్టి తగ్గించడం. ప్రతి ఇబ్బందికీ ఒకటిలోంచి "ఇబ్బంది ఉన్న భాగం ÷ మొత్తం" తీసేయాలి. 1,500 మీటర్ల బాటలో 300 మీటర్లు కోసుకుపోయింది: 1 − 0.2 = 0.8. సీజన్‌లో 100 రోజుల్లో 20 రోజులు వానకి ఎక్కలేని పరిస్థితి: 0.8. మొత్తం 1,200 × 0.8 × 0.8 = 768.

మూడో మెట్టు, నిర్వహణని బట్టి వచ్చే సామర్థ్యం: ఉండాల్సిన మరుగుదొడ్లు, చెత్తడబ్బాలు, మనుషులు, పార్కింగులో ఎంత ఉందో చూడటం. సగమే ఉంటే 0.5. 768 × 0.5 = 384.

బాగుంది కదా? తప్పు! సూర్యోదయం రోజుకి నాలుగుసార్లు రాదు. అందరూ అదే గంటలో అదే గట్టుమీద ఉండాలనుకునే చోట విడతలు నాలుగు కాదు, ఒక్కటే. అప్పుడు 300 × 0.8 × 0.8 × 0.5 = 96. ఒక్క చిన్న ఊహ మారితే 384 కాస్తా 96 అయిపోయింది. ఫార్ములా దించుకున్న ప్రతి ప్రాజెక్టూ పడే గోతి ఇదే, మీరు నాలుగింటి నుంచి లెక్కపెట్టిన షీట్ ఉంటేనే ఇది బయటపడుతుంది. బొర్రాకి మాత్రం విడతల లెక్క సరిగ్గా సరిపోతుంది, అక్కడ జనం పొద్దంతా వస్తూపోతూ ఉంటారు.

ఇంకో తప్పు, పొగమంచు రోజుల్ని ఇబ్బంది కింద తగ్గించేయడం. విదేశీ పేపర్‌లో అలా ఉందని ఒకాయన చేశాడు. అయ్యా, లంబసింగికి జనం వచ్చేదే మంచుకోసం! అలాగే సీజన్‌లోనే స్టడీ చేసి వానరోజుల్ని మాత్రం ఏడాది మొత్తానికి లెక్కేయడం, "మట్టి కోత"నీ "బాట పాడవడా"న్నీ రెండుసార్లు తగ్గించడం, ఇవి కూడా చూసుకోండి.

మూడో మెట్టులో వస్తువు ఉందా లేదా అని మాత్రమే చూడొద్దు. మరుగుదొడ్డి ఉంటుంది, తాళం ఉంటుంది. ప్రతిదానికీ ఎన్ని ఉన్నాయి, ఏ కండిషన్‌లో ఉన్నాయి, సరైన చోట ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని నాలుగు ప్రశ్నలకి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులేయండి. ఇద్దరు విడివిడిగా వేసి సగటు తీస్తే ఇంకా మంచిది. వచ్చిన మార్కుల్ని రావాల్సిన మొత్తం మార్కులతో భాగిస్తే పైన 0.5 అని వేసిన చోట పెట్టాల్సిన అంకె వస్తుంది.

7. మనుషుల్ని అడగండి, మనుషుల భాషలో

టూరిస్టుల్ని ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు అడగాలి, చూశాకే కదా చెప్పగలిగేది. దిగే గుంపుల్లో ప్రతి ఐదో గుంపునీ ఆపండి, నవ్వుతూ కనపడ్డవాళ్ళనే ఏరుకోకండి. కాదన్నవాళ్ళ సంఖ్య కూడా రాసుకోండి. "ఎంత రద్దీగా అనిపించింది" అని 1 (అస్సలు రద్దీ లేదు) నుంచి 9 (మరీ రద్దీ) దాకా స్కేల్ మీద ఒక్క ప్రశ్న చాలు. ఇంకా బాగా కావాలంటే ఒకే చోటు నుంచి ఒకే కోణంలో తీసిన ఐదారు ఫొటోలు చూపించండి, ఒకదాంట్లో ఖాళీ, ఒకదాంట్లో పదిమంది, ఇలా పెరుగుతూ, "ఎక్కడిదాకా అయితే మళ్ళీ వస్తారు" అని అడగండి. ప్రాజెక్టు గట్టిదనం ఈ ఫొటోల ప్రశ్నలోనే ఉంది, క్వశ్చనీర్‌లో ఉన్న 40 ప్రశ్నల్లో కాదు.

శాంపిల్ (ఎంతమందిని అడగాలి) 384 అని అందరూ రాసేస్తారు, పైన లెక్కలో వచ్చిన 384తో దీనికి సంబంధం లేదు. అది నూటికి 95 నమ్మకం, 5 శాతం తప్పు, అదీ యాదృచ్ఛికంగా ఎంచుకుంటే వచ్చే అంకె. హాస్టల్‌లో గూగుల్ ఫారం తిప్పి 384 నింపితే అది శాంపిల్ కాదు, సంతకాల సేకరణ. వచ్చేదే 500 మంది అయితే యమానే సూత్రం (మొత్తం జనాన్ని బట్టి శాంపిల్ ఎంతో చెప్పే లెక్క) ప్రకారం 500ని 2.25తో, అంటే 1 + 500 × 0.05 × 0.05తో, భాగిస్తే 222 చాలు.

ఊరివాళ్ళ దగ్గర "సుస్థిరత" అనే మాట ఎత్తకండి. ఎత్తారనుకోండి, "మంచిదే బాబూ" అంటారు, మీరు అది 5కి 5 అని రాసుకుంటారు. బదులుగా ఇలా అడగండి: శని ఆదివారాల్లో గెడ్డలో (వాగులో) నీళ్ళు ఎలా ఉంటున్నాయి? రాత్రిపూట బండ్ల చప్పుడుకి పిల్లలు నిద్రపోతున్నారా? టీకొట్టు, పార్కింగ్, టెంట్లు ఎవరివి, ఈ ఊరివాళ్ళవా బయటినుంచి వచ్చినవాళ్ళవా? మీ పశువులు ఇదివరకు మేసే చోట ఇప్పుడు మేస్తున్నాయా? ఆడవాళ్ళని ఆడపిల్లలే అడిగితే బాగుంటుంది, టీమ్‌లో ఒకళ్ళన్నా ఉండేలా చూసుకోండి. తెలుగు రానివాళ్ళుంటే ఊళ్ళో చదువుకునే కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని ఆ రోజు కూలి ఇవ్వండి. పేర్లు, ఫోన్ నంబర్లు రిపోర్టులో వద్దు.

ముందు ఒక ఇరవైమందితో ట్రయల్ చేసి, ఏ ప్రశ్నకి జనం "ఆ?" అని మళ్ళీ అడిగించుకున్నారో అది తీసేయండి.

8. రిపోర్టు రాసేటప్పుడు

చివర్లో ఒకే అంకె పెట్టొద్దు. మనిషికి 2 చదరపు మీటర్ల బదులు 3 వేస్తే ఎంత, విడత ఒకటిన్నర అయితే ఎంత, అని మూడు నాలుగు రకాలుగా చేసి "ఇంత నుంచి ఇంత దాకా" అని రాయండి. తర్వాత ఆ అంకె పక్కనే మీరు లెక్కపెట్టిన జనాన్ని, ఫొటోల ప్రశ్నలో జనం ఒప్పుకున్న హద్దుని పెట్టండి. మూడూ ఒకచోట కలిస్తే అదృష్టం, కలవకపోతే ఎందుకు కలవలేదో రాసేదే మీ అసలు చాప్టర్.

సిఫార్సులో "రోజుకి 96 మందినే అనుమతించాలి" అని రాసి వదిలేస్తే వైవాలో మొదటి ప్రశ్న "ఎవరు ఆపుతారు?" అనే. థాయ్‌లాండ్‌లో మాయా బే బీచ్‌ని 2018 జూన్‌లో మూసి 2022 జనవరిలో పరిమితులతో తెరిచారు, అక్కడికి పడవలోనే రావాలి కాబట్టి ఆపగలిగారు. గేటు లేని కొండకి మీరు ఆపగలిగేది పార్కింగ్ దగ్గరే, అందుకే మీ అంకెని బండ్ల సంఖ్యలోకి మార్చి రాయండి: ఇన్ని కార్లు, ఇన్ని బైకులు నిండితే కిందనే ఆపడం. ఆ పార్కింగ్ డబ్బు ఊరికి ఎలా చేరాలో కూడా ఒక పేరా.

జర్నల్‌లో వేయాలని తొందరపడి "మూడు రోజుల్లో పబ్లికేషన్" అని మెయిల్ పంపేవాళ్ళకి డబ్బు కట్టకండి. మీ గైడ్‌ని అడగండి, అంటే ప్రాజెక్ట్ గైడ్‌ని, గుహ గైడ్‌ని కాదు (గుహ గైడ్‌కి మీ ప్రాజెక్ట్ గైడ్ కన్నా ఎక్కువే తెలిసి ఉండొచ్చు, అది వేరే సంగతి).

టైమ్ అస్సలు లేనివాళ్ళు నాలుగో స్టెప్పు, ఫొటోల ప్రశ్న, ఈ రెండే చేయండి, మార్కులకి ఢోకా ఉండదు. పని అయ్యాక రెండు పేజీల్లో తెలుగులో రాసి ఆ ఊరి సచివాలయంలో ఒక కాపీ, టీ ఆవిడకి ఒక కాపీ ఇచ్చి రండి. మడతలు పడి, మంచుకి తడిసి, టీ మరకలు పడ్డ ఆ లెక్కల షీట్లు మాత్రం వైవాకి ఒరిజినల్సే పట్టుకెళ్ళండి, ఫెయిర్ కాపీ కాదు.